పేరు మూసి తాగండి, అప్పుడు మాట్లాడండి

వైన్ సీసాకు పాత పేపరు చుట్టి, పేరు కనపడకుండా చేసి, గ్లాసులో పోసిస్తాను. తాగి చెప్పండి: ఏది ఫ్రాన్సు బోర్డో వైన్, ఏది మన హంపి వైన్? చెప్పలేరు. చెప్పలేమని తెలుసు గనకే పేరు చూడందే మీరు నోరు విప్పరు.

తుక్కుగూడలో ఔటర్ రింగ్ రోడ్డు దిగి ఏ ఫామ్‌హౌస్‌కి వెళ్లినా ఇదే తంతు. శంషాబాద్ విమానాశ్రయం డ్యూటీ ఫ్రీలో కొన్న ఫ్రెంచి సీసా టేబుల్ నడిమధ్య నిలబడుతుంది. ముందు ఫోటో. తర్వాత ధర. రుచి మాట ఎవరూ ఎత్తరు. రెడ్ వైన్ గది వేడి మీదే తాగాలని ఎవరో చెప్పారట! ఆ మాట చలిదేశపు గదుల గురించి పుట్టింది, ఏప్రిల్‌లో మన గదుల గురించి కాదు. మంచి రెడ్ వైన్‌కి 16 నుంచి 18 డిగ్రీలు కావాలి. 35 డిగ్రీల్లో పోస్తే ముక్కుకి ఘాటు తప్ప మరేదీ అందదు. ఆ ఘాటు పీల్చి కళ్లు మూసుకుని తలలూపుతారు. మీ తల ఊగింది సీసా మీది పేరుకి, లోపలున్న వైన్‌కి కాదు.

మీరు మొక్కే పేర్ల పుట్టుక వినండి. 1855 పారిస్ ప్రదర్శన కోసం బోర్డో వైన్ దళారులు ఎస్టేట్లకు తరగతులు కట్టారు. దేన్ని బట్టి? ప్రధానంగా అప్పటి అమ్మకపు ధరల్ని బట్టి. అప్పుడు రెండో తరగతిలో ఉన్న మూతోన్ రోత్‌షీల్డ్ మొదటి తరగతికి ఎక్కడానికి 1973 దాకా పట్టింది. ఆ మూతోన్ 1970 వైన్‌నే 1976 మే 24న పారిస్‌లో పేరు దాచి ఫ్రెంచి న్యాయనిర్ణేతల ముందు పెట్టారు. పక్కనే కాలిఫోర్నియా వైన్లు. గెలిచింది స్టాగ్స్ లీప్ 1973, కాలిఫోర్నియాది. పేరు తీసేస్తే సింహాసనం కూలింది! 2001లో అచ్చయిన ఒక ప్రయోగంలో, బోర్డోలోనే ఫ్రెడెరిక్ బ్రోషే అనే పరిశోధకుడు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి, వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థుల చేతికిచ్చాడు. వాళ్లు దాన్ని ఎర్ర వైన్ మాటలతోనే వర్ణించారు. చదువుకున్న ముక్కునే కన్ను మోసం చేసింది. ధర చూసి తాగే మీ సంగతి వేరే చెప్పాలా?

ఇదే టేబుల్ మీద క్రిస్మా సీసా పెడితే మూతి ముడుస్తారు. 'ఇండియన్ వైనా?' అంటారు. హైదరాబాద్ మనుషులే, గ్రాన్యూల్స్ మందుల కంపెనీ పెట్టిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు, కర్ణాటకలోని హంపి కొండల్లో తోట వేసి కాబెర్నే సోవిన్యోన్ ద్రాక్ష పండించి ఆ క్రిస్మా చేస్తున్నారు. అదెంత కష్టమో తెలుసా? బోర్డోలో చలికాలం తీగను నిద్రపుచ్చుతుంది. దక్కనులో తీగకి నిద్ర లేదు, అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి. బోర్డోవాళ్లు శరదృతువులో కోస్తే మనం ఎండలు ముదరకముందే కోయాలి. వేడి ఎక్కువైతే తీపి ముందే పరుగెడుతుంది, పులుపు పడిపోతుంది, గింజలో వగరు పచ్చిగానే మిగులుతుంది. ఆ మూడింటినీ ఒక తాటి మీదికి తేవడమే పనితనం. నేను తాగిన క్రిస్మా కాబెర్నేలో ఆ పనితనం ఉంది. ముదురు రంగు, నేరేడు పండు వాసన, వెనకాల ఓక్ పీపా తెచ్చిన పొగ, చిగుళ్లను పట్టే వగరు, మింగాక కూడా నోట్లో నిలిచే రుచి. నేరేడు పండు తిని పెరిగిన నాలుకకి ఈ వగరును ఫ్రాన్సు వచ్చి నేర్పాలా?

మనవాళ్లది కాబట్టి గొప్పదని నేననను. అది కూడా పేరు పూజే. గ్లాసులో ఉన్నదాన్ని బట్టి అంటున్నాను. రేపు అదే సీసా చెడితే చెడిందనే అంటాను.

ధర చూసి విలువ కట్టే ఈ జబ్బు వైన్‌తో ఆగలేదు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ రంగారెడ్డి జిల్లాలో ద్రాక్ష పందిళ్లుండేవి. అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష అంటే హైదరాబాదే గుర్తొచ్చేది. అది తినే పండు, వైన్ పండు కాదు, కానీ ఈ నేల ద్రాక్షను మోయగలదని చూపించింది. 2008లో విమానాశ్రయం తెరిచారు, ఔటర్ వచ్చింది, పందిళ్లు నిలిచిన నేలలో ప్లాట్ల రాళ్లు లేచాయి. తోట విలువని గజం రేటులో చూసిన కళ్లే ఇప్పుడు వైన్ విలువని బిల్లులో చూస్తున్నాయి. డ్యూటీ ఫ్రీలో కాక బయట కొన్న దిగుమతి వైన్ మీద ఏళ్ల తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం ఉంటూ వచ్చింది. ఆ పన్నుని కూడా రుచి అనుకుని చప్పరించారు! తెల్లారకముందే తాటిచెట్టెక్కే గౌడన్న దించిన కల్లును మాత్రం నాలుక మీద వేసుకోకుండానే నీచమని తేల్చేశారు. తాగకుండా తీర్పు చెప్పే నోటికి తాగినప్పుడు చెప్పే మాట మీద ఏం హక్కుంది?

కోపమొచ్చిందా? రావాలి. వస్తే ఒక పని చేయండి. ధర చెప్పకముందే గ్లాసు తీసుకోండి. తెల్లకాగితం మీద వంచి రంగు చూడండి. తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి వాసన చూడండి. గుటక నోట్లో ఆపి పులుపు, వగరు, ఘాటు దేనికది విడదీయండి. మింగాక రుచి ఎంతసేపు నిలిచిందో గమనించండి. అప్పుడు నలుగురికీ వినపడేలా చెప్పండి, బాగుందనో బాగాలేదనో. లక్ష రూపాయల సీసా ముందు 'నాకు నచ్చలేదు' అనలేనివాడు రుచి తెలిసినవాడు కాదు, డబ్బుకి లొంగినవాడు.