తోబుట్టువు సంతకము

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, సూరారము గ్రామపు పూర్వస్థితిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుదునని తలంచితిని. ఇంతలో పదియవ తరగతి విద్యార్థిని యొకతె అడిగిన ప్రశ్న నా తలంపును మార్చివేసినది.

ఆ దినమున సాంఘికశాస్త్రములో సమానత్వమును గూర్చిన పాఠము చెప్పుచుంటిని. తండ్రి యాస్తిలో కుమారునితో సమానముగా కుమార్తెకును వాటా గలదని నల్లబల్లపై వ్రాసి వివరించితిని. వెనుక వరుసలోని బాలిక లేచి, “సారూ, మరి మీరు మీ చెల్లెలికి వాటా ఇచ్చిండ్రా?” అని అడిగెను. తరగతి యంతయు నవ్వెను. ఆమె మాత్రము నవ్వలేదు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన దేమనగా, ఉత్తరము తెలియనిచో “రేపు చెప్పెదను” అనుట తప్పు కాదని. ఈ ప్రశ్నకు ఉత్తరము నాకు బాగుగా తెలియును. అయినను “రేపు చెప్పెద”నంటిని. ఆ బాకీ తీర్చుటకే ఈ వ్యాసము.

చదువరులారా, మన ప్రాంతమున భూమి యనగా నేమో ముందు విన్నవించెదను. సూరారము ఒకప్పుడు పొలముల నడుమ నున్న పల్లె. జీడిమెట్లలో కర్మాగారములు వెలసిన పిదప బ్రతుకుదెరువునకై నలుదిక్కులనుండి జనులు వచ్చి చేరిరి. మేడ్చల్, శామీర్‌పేట త్రోవలలో ద్రాక్షతోటలుండిన నేలలపై నేడు ఇండ్ల వరుసలు నిలిచియున్నవి. ఎకరమునకు 40 కుంటలు. కుంటకు 121 గజములు. మా పెద్దలు భూమిని ఎకరములలో చెప్పుకొన్నారు. మేము కుంటలలో చెప్పుకొంటిమి. మా పిల్లలు గజములలో చెప్పుకొనుచున్నారు. ఎకరముల కాలమున ఆడబిడ్డకు పసుపు కుంకుమల క్రింద నాలుగు కుంటలు వ్రాసి యిచ్చుటకు వెనుదీయని తండ్రులుండిరి. గజముల కాలము వచ్చిన పిదప ఆ చేతులు ముడుచుకొన్నవి. భూమి వెల పెరిగిన కొలది ఆడబిడ్డ పుట్టిల్లు ఆమెకు దూరమైనది.

స్త్రీల యభివృద్ధి మన దేశమున ఏమియు జరుగలేదని నేననను. 1874 లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల నెలకొల్పిరి. 1881 డిసెంబరు 11 వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిరి. మన హైదరాబాదులో 1890 లో నాంపల్లి యందు బాలికలకు పాఠశాల ఏర్పడెను. 1924 లో స్త్రీలకు కళాశాల తరగతులు ఆరంభమయ్యెను. ఆ కళాశాలయే పిమ్మట కోఠిలోని పాత రెసిడెన్సీ భవనమునకు మారి, 2022 లో మహిళా విశ్వవిద్యాలయమైనది. 1930 లో జోగిపేటలో ప్రథమాంధ్ర మహాసభ సమావేశమైనప్పుడు, దానితోపాటు నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను మహిళాసభయు జరిగెను. రాజ్యాంగసభలో మన తెలుగు ఆడపడుచు దుర్గాబాయమ్మగారు కూర్చుండిరి. 1950 లో రాజ్యాంగము అమలులోనికి వచ్చి, స్త్రీపురుష భేదము లేక వయోజనులందరికిని ఓటుహక్కు నిచ్చినది.

ఇవన్నియు బయటి తలుపులు. బడి తలుపు, సభ తలుపు, ఓటుశాల తలుపు ఒకటొకటిగా తెరువబడినవి. ఇంటి తలుపు మాత్రము అన్నిటికంటె ఆలస్యముగా తెరువబడినది.

ఈ యాలస్యము మన దేశమునకు మాత్రమే చెల్లదు. అపొస్తలుడగు పౌలు ఓడ పగిలి దరిచేరిన మెలితే యను ద్వీపమును వేదపాఠము చదివినవారందరు నెరుగుదురు. అదియే నేటి మాల్టా. అచ్చట స్త్రీలకు 1947 లో ఓటుహక్కు వచ్చినది. ఆ యేడే అగాథా బార్బరా యను ఉపాధ్యాయిని శాసనసభకు ఎన్నికయ్యెను. 1955 లో విద్యామంత్రియు, 1982 లో ఆ దేశాధ్యక్షురాలును ఆయెను. ఇంత జరిగినను, ఇంటిలో భార్యాభర్తలకు సమానాధికారము గలదనియు, ఉమ్మడి యాస్తిని ఇరువురును కలిసి నిర్వహింపవలెననియు చట్టము చెప్పినది 1993 లో మాత్రమే. ఒక స్త్రీ దేశమునకు అధ్యక్షురాలైన పదునొకండేండ్లకు గాని ఇల్లాలికి తన యింట సమానస్థానము రాలేదన్నమాట. దేశము పెద్దదైనను చిన్నదైనను కథ యొక్కటియే.

ఇక మన సంగతి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము కుమార్తెను వారసురాలిగా నంగీకరించెను గాని, పిత్రార్జితమగు ఉమ్మడి యాస్తిలో పుట్టుకతో హక్కు కుమారునికే యుంచెను. ఆ లోటును మొదట దిద్దినది మన తెలుగు రాష్ట్రమే యని చెప్పుకొనుట మనకు గౌరవము. 1986 లో ఆంధ్రప్రదేశ్ శాసనము, 1985 సెప్టెంబరు 5 వ తేదీనుండి అమలగునట్లుగా, కుమార్తెకును జన్మతః హక్కు నిచ్చెను. కాని అంతకు ముందే వివాహమైన కుమార్తెలను విడిచిపెట్టెను. పాలకుర్తిలో తాను కౌలునకు చేసిన పొలము పంటకై విసునూరు దేశముఖు నెదిరించి నిలిచిన చాకలి ఐలమ్మగారు ఆ 1985 సెప్టెంబరు మాసమందే కన్నుమూసిరి. కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయము నేడు ఆమె పేరు వహించియున్నది. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటను, పెండ్లియైనను కాకున్నను, కుమార్తెకు కుమారునితో సమానహక్కు వచ్చినది. 2004 డిసెంబరు 20 కి పూర్వము సక్రమముగా జరిగిన పంపకములను మాత్రము అది కదలింపదు. ఆ నాటికి తండ్రి జీవించి యుండవలెనా యను సందేహమును 2020 ఆగస్టు 11 న సర్వోన్నత న్యాయస్థానము తీర్చి, హక్కు పుట్టుకతో వచ్చునది గనుక అట్టి నిబంధన లేదనెను.

మన క్రైస్తవ కుటుంబముల సంగతి వేరు. మనకు వర్తించునది 1925 నాటి భారత వారసత్వ చట్టము. తండ్రి మరణశాసనము వ్రాయక చనిపోయినయెడల, తల్లికి మూడవ వంతు పోను, మిగిలినది బిడ్డలందరికి సమానము. కొడుకని కూతురని భేదము లేదు. కేరళదేశములోని తిరువాంకూరు ప్రాంతమున మాత్రము 1916 నాటి వేరొక చట్టము క్రింద కుమార్తెకు కుమారుని వాటాలో నాలుగవ వంతో, అయిదువేల రూపాయలో, ఏది తక్కువైన నది మాత్రమే దక్కుచుండెను. కొట్టాయములో పాఠశాల నడిపిన మేరీ రాయ్ గారు న్యాయస్థానమునకెక్కి 1986 లో ఆ భేదమును తొలగింపజేసిరి. మన తెలుగు క్రైస్తవ సోదరీమణులకు అట్టి పోరాటము అవసరమే లేకపోయెను. హక్కు చట్టపుస్తకములో ముందునుండియు నున్నది. అయినను మా యింట జరిగిన దేమి?

మా నాయనగారు 2008 లో ప్రభువునందు నిద్రించిరి. తల్లి అంతకు ముందే గతించెను. ఆయన మాకు విడిచినది 10 కుంటలు, అనగా 1210 గజములు. మరణశాసనము లేదు. ఇరువురమే బిడ్డలము, నేనును నా చెల్లెలును. లెక్క చేయుటకు గణితోపాధ్యాయుడు అక్కరలేదు. ఒక్కొక్కరికి 605 గజములు. 2009 లో నేను కొంత భూమి అమ్మదలచినప్పుడు, కొనువారు “ఆడబిడ్డ సంతకమున్నదా?” అని అడిగిరి. నేను హక్కు విడుదల పత్రము వ్రాయించి చెల్లెలిని పిలిపించితిని. ఆమె వచ్చి, “ఎక్కడ పెట్టాలె అన్నా?” అని మాత్రము అడిగెను. కాగితములో నేమున్నదని అడుగలేదు. నేనును చదివి వినిపింపలేదు. రిజిస్ట్రారు కార్యాలయమునుండి వచ్చి ఆమెకు ఒక చీర పెట్టి, భోజనము పెట్టి పంపితిమి. ఊరివారు మా యన్నాచెల్లెండ్ర యనురాగమును మెచ్చుకొనిరి.

ఆమె భర్త పిమ్మట జబ్బుపడెను. ఆమె కర్మాగారమున కూలికి పోయి పిల్లలను చదివించుకొన్నది. ఏనాడును నన్ను ఒక్క గజము అడుగలేదు. దానిని నేను ఆమె మంచితనమని ఎంచితిని. నా దోషమని ఎంచలేదు.

ఇందులోని వింతను గమనింపుడు. ఆడబిడ్డకు హక్కున్నదని కొనువానికి తెలియును, దస్తావేజు వ్రాయువానికి తెలియును, అన్నకు తెలియును. తెలిసియుండుటచేతనే సంతకమడుగుదురు. ఆ హక్కును ఆమె యనుభవించుటకు ఎవరును ఆమెను పిలువరు. దానిని వదలుకొనుటకు మాత్రము అందరును పిలుతురు. ఆమెకు వాటా యున్నదని ఆమెకు తెలియవచ్చు దినమును, అది లేకుండ పోవు దినమును ఒక్కటే. చట్టము ఇచ్చిన దానిని ఆచారము ఒక్క సంతకముతో తీసికొనుచున్నది. నా యభిప్రాయములో నేడు మన సమాజమున స్త్రీపురుష సమానత్వమునకు పరీక్ష జరుగు స్థలము సభావేదిక కాదు. ఆ సంతకము జరుగు బల్ల.

దీనికి లోకులు చెప్పు సమాధానములు మూడు. “కట్నమిచ్చితిమి గదా, అదియే ఆమె వాటా” యనునది మొదటిది. కట్నము ఇచ్చుటయు పుచ్చుకొనుటయు 1961 నుండి నేరము. నేరమును చూపి బాకీ చెల్లినదనుట యెట్లు? అదియుగాక కట్నము ఆమె చేతికి రాదు. అత్తవారి చేతికి పోవును. ఒకరి బాకీని వేరొకరికి చెల్లించి చీటి చింపుకొనుట న్యాయమా?

“తల్లిదండ్రులను పోషించువాడు కొడుకు” అనునది రెండవది. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము కుమారుని, కుమార్తెను ఒక్క వరుసలోనే నిలిపి ఇరువురకును బాధ్యత పెట్టినది. మా నాయనగారు మంచమున నున్న ఆరు నెలలు ఆయనకు అన్నము తినిపించినది ఎవరని నన్నడిగినచో, నేను తలవంచుకొనవలసి వచ్చును. బాధ్యతలో సమానమైనది వాటాలో మాత్రము తక్కువ యెట్లగును? కుమార్తెలకును ఇది పాఠమే: వాటా కోరువారు బరువునకును భుజమీయవలెను.

మూడవది అన్నిటికంటె బలమైనది: “వాటా అడిగినచో పుట్టింటి రాకపోకలు తెగును.” చాలమంది ఆడబిడ్డలు ఈ భయముచేతనే సంతకము చేయుదురు. కాని రాకపోకలు తెంచునది ఎవరు? ఆమె కాదు, అన్నదమ్ములే. ఆడపిల్ల ‘ఆడ’ పిల్లయే గాని ‘ఈడ’ పిల్ల కాదని మనవారు సామెత చెప్పుదురు. వెలకట్టి అమ్మబడు అనురాగము అనురాగము కాదని మనకు తెలియదా? అన్నదమ్ములు ఇరువురు పంచుకొన్నప్పుడు బంధుత్వము నిలుచుచుండగా, తోబుట్టువుతో పంచుకొన్నప్పుడు మాత్రము ఏల తెగవలెను?

ఆ బాలిక ప్రశ్న విన్న రాత్రి నా భార్యతో మాటలాడితిని. ఆమె రెండు దినములు మౌనముగా నుండెను. మూడవ దినమున, తాను తన యన్నదమ్ములకు చేసిన సంతకమును జ్ఞాపకము చేసికొని, “ఇయ్యుడు” అనెను. 1210 గజములలో 700 గజములు నేను ఇంతకు మున్నే అమ్మితిని. 200 గజములలో నా యిల్లున్నది. మిగిలిన 310 గజములను చెల్లెలి పేర దానపత్రము వ్రాయించి రిజిస్టరు చేయించితిని. దానపత్రమనుట కాగితము మాట. నిజమునకు అది బాకీ తీర్చుట. “ఇప్పుడెందుకన్నా, నాకేం తక్కువైంది?” అని ఆమె ఏడ్చెను. ఈ మారు కాగితమంతయు ఆమె కూతురు బిగ్గరగా చదివి వినిపించిన పిదపనే సంతకములు జరిగెను. ఇంకను 295 గజములు నేను చెల్లెలికి బాకీ. నా జీతమునుండి నెల నెలకు కొంత యిచ్చుచున్నాను. అది ఎన్నటికి తీరునో యెరుగను. ఆలస్యముగా చేసిన న్యాయము పూర్తిగా న్యాయము కాదని ఈ బాకీ నాకు నిత్యము తెలుపుచున్నది.

తండ్రులారా, మీ స్వార్జితమును మీ యిష్టము వచ్చినట్లు మరణశాసనము వ్రాయుటకు చట్టము మీకు స్వాతంత్ర్యమిచ్చినది. ఆ స్వాతంత్ర్యమును కుమార్తెను త్రోసివేయుటకు గాక, ఆమె వాటాను నిస్సందేహముగా నిలుపుటకు వినియోగింపుడు. మీరు బ్రతికియుండగా వ్రాసిన రెండు పంక్తులు మీ బిడ్డలను వివాదమునుండి కాపాడును.

విద్యార్థినులారా, చదువరాని కాలమున మన అవ్వలు వ్రేలిముద్ర వేసిరి. మీరు చదువుకొన్నారు. చదువకుండ సంతకము చేసినచో ఆ చదువునకును వ్రేలిముద్రకును భేదమేమి? మన సూరారమునకు అనతిదూరమున శామీర్‌పేటలో న్యాయవిద్య నేర్పు విశ్వవిద్యాలయము 1998 నుండి నడుచుచున్నది. మీలో కొందరు అచ్చట చదువవలెనని నా కోరిక. అంతవరకును ఈ యొక్క నియమము పాటింపుడు: ఎవరు చెప్పినను, అన్న చెప్పినను, కాగితము చదివిన పిదపనే కలము పట్టుడు.

విద్యార్థులారా, నాకు నలువది యేండ్లు దాటిన పిదప తెలిసినది మీకు పదునేనవ యేటనే తెలియుచున్నది. ఒకనాడు మీ చెల్లెలు మీ యెదుట నిలిచి “ఎక్కడ పెట్టాలె అన్నా?” అని అడుగును. ఆ దినమున ఆమెకు ముందు కాగితము చదివి వినిపింపుడు. వెనుక వరుసలోని ఆ బాలికకు నా యుత్తరమిది: అమ్మా, అప్పుడు ఇయ్యలేదు, ఇప్పుడు సగము ఇచ్చితిని, అడిగినందుకు నీకు ఋణపడియున్నాను.