పూచీకత్తు ముందు నిలవని కంపెనీ తెర

న్యూఢిల్లీ: కంపెనీ వేరు, వాటాదారు వేరు అన్నది కంపెనీ చట్టానికి పునాది. బ్రిటన్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ 1897లో సాలమన్ కేసులో ఈ సూత్రాన్ని స్థిరపరచింది. బూట్ల తయారీదారు సాలమన్ నెలకొల్పిన కంపెనీలో 20,007 వాటాలకుగాను 20,001 ఆయనవే. అయినప్పటికీ కంపెనీ అప్పులకు ఆయన వ్యక్తిగతంగా బాధ్యుడు కాడని తీర్పు వెలువడింది. భారత న్యాయస్థానాలు కూడా ఈ సూత్రాన్నే అనుసరిస్తున్నాయి.

అయితే, కంపెనీ రుణానికి సొంత పూచీకత్తు ఇచ్చిన ప్రమోటరుకు ఈ రక్షణ వర్తించదు. అటువంటి పూచీదారులపై దివాలా చర్యలకు వీలు కల్పిస్తూ కేంద్ర ప్రభుత్వం 2019 నవంబరు 15న నోటిఫికేషన్ జారీ చేసింది. సుప్రీంకోర్టు 2021 మే 21న దానిని సమర్థించింది. కంపెనీ పునరుద్ధరణ ప్రణాళిక ఆమోదం పొందినంత మాత్రాన పూచీదారుకు విముక్తి లభించదని స్పష్టం చేసింది. పూచీకత్తు ప్రత్యేక ఒప్పందం కావడమే ఇందుకు కారణం. సంబంధిత సెక్షన్లు రాజ్యాంగబద్ధమేనని 2023 నవంబరు 9న మరో తీర్పులో పేర్కొంది.

ఇక్కడొక అసమానత గమనార్హం. రుణం మంజూరుకు ముందే ప్రమోటరు సంతకం కోరగల శక్తి బ్యాంకులకు ఉన్నది. సరుకు అరువిచ్చిన చిన్న వ్యాపారికి సాధారణంగా ఆ శక్తి ఉండదు. కంపెనీ మూతపడితే, మోసం రుజువైతే తప్ప, అతడు ప్రమోటరు సొంత ఆస్తి జోలికి పోలేడు. పరిమిత బాధ్యత అనే తెర బలవంతుడైన రుణదాత ఎదుట తొలగిపోతున్నది. బలహీనుడి ఎదుట మాత్రం చెక్కుచెదరక నిలుస్తున్నది.