పెద్ద బండి బేరం

పెద్ద బండి కొనడం తప్పని మేము అనము. మన గతుకుల దారులకు ఎత్తైన బండి పనికొచ్చేదే. పొలం అమ్మి ఫార్చ్యూనర్ తెచ్చుకొనే ఇళ్లను చూస్తేనే మాకు దిగులు. గోపురం కట్టేవాని ఉపమానం ఎరిగినవారమే గదా, ముందు కూర్చుని లెక్క వేద్దాం. ఎక్స్-షోరూమ్ ధర ఒకటి. లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు కలిశాక చేతినుండి పోయేది మరొకటి. 10 లక్షలు దాటిన బండికి 1 శాతం టీసీఎస్ కూడా పడుతుంది. రిటర్ను వేసినప్పుడు దానిని పన్నులో సర్దుకోవచ్చు, ఆ రసీదు పారేయకండి. కూరలమ్మే అవ్వ దగ్గర రెండు రూపాయలకు గీచి గీచి బేరమాడే మనము, ఏసీ గదిలో కాఫీ ఇవ్వగానే నోరు మెదపమెందుకు? ఇన్సూరెన్సు షోరూములోనే తీసుకోవాలన్న నియమం లేదు. హ్యాండ్లింగ్ చార్జీలని రాస్తే, అవి దేనికని అడగండి. ఒప్పుకొన్నదంతా కాగితం మీద రాయించుకొన్నాకే బయానా ఇవ్వండి.