మన పెరడు: గోడలో మొలిచిన రావి, కుండీలో పెరిగే చెట్టు



వానలు పడి నెల తిరిగేసరికి మన చర్చి గోడలవంక ఒకసారి తలెత్తి చూడండి. గంట స్తంభం మొదట్లోనో, డాబామీది నీటి తూము పక్కనో రెండాకుల రావిమొక్క, కాకుంటే మర్రిమొక్క తొంగిచూస్తూ ఉంటుంది. కాకులు, గోరింకలు పండ్లు తిని వచ్చి వదిలిన విత్తనం అది. 1860ల నుండి మిషనరీల పని సాగిన దుమ్ముగూడెం మొదలుకొని భద్రాచలం, పాల్వంచ, ఖమ్మం దాకా పాత సున్నపు గోడ ఉన్న చోటల్లా ఈ బెడద ఉన్నదే. రెండు మూడేండ్లు ఊరుకుంటే వేరు ఇటుకల సందున దూరి, లావెక్కి, గోడను చీలుస్తుంది. గనుక తీయక తప్పదు. తీసినదాన్ని పారవేయకుండా కుండీలో చిన్న చెట్టుగా తీర్చుకొనే పద్ధతిని ఈ నెల చెప్పుకుందాము. దీనినే బోన్సాయ్ అంటారు. పళ్ళెంలో నాటినది అని ఆ జపాను మాటకు అర్థము. విద్య మాత్రం చైనాలో పుట్టి జపానుకు పోయింది.

రావి, మర్రి, జువ్వి, మేడి, అంజూరము అన్నీ ఒకే కుటుంబము. జక్కయ్య ఎక్కిన చెట్టును మన తెలుగు బైబిలు మేడిచెట్టు అన్నది. ఆమోసు ఏరుకొన్నవి మేడిపండ్లే. ఆ దేశపు మేడి, మన వాగుల ఒడ్డున ఉండే మేడి ఒకటి కాకపోయినా దగ్గరి చుట్టాలు. రెంటికీ కాయలు మానునుండే గుత్తులుగా వేలాడతాయి. వేమన పద్యం పుణ్యమా అని మేడిపండుకు చెడ్డపేరు వచ్చింది గాని, లోపలి పువ్వులకు పుప్పొడి మోసుకొచ్చేవి ఆ చిన్న పురుగులే. అవి లేకపోతే విత్తనము లేదు, అడవిలో పక్షికి చెట్టూ లేదు.

మొదటిసారి చేసేవారికి ఏది మంచిది? నన్నడిగితే నర్సరీవారు ఫైకస్ అని అమ్మే చిన్నాకుల మొక్క అన్నిటికంటె సులువు. ఎన్నిసార్లు కత్తిరించినా చిగురిస్తుంది. ఇటలీలో మిలాన్ దగ్గరి పరాబియాగో ఊళ్ళో 1991లో తెరిచిన క్రెస్పి బోన్సాయ్ మ్యూజియంలో అందరూ ముందుగా చూసేది ఒక పెద్ద ఫైకస్‌నే. రావి, మర్రి ఆకులు పెద్దవి గనుక కొంత ఓపిక కావలెను. అంజూరానికి ఆకూ పెద్దదే, చెట్టును ఎంత చిన్నది చేసినా పండు చిన్నది కాదు. దానిని పండుకోసము మామూలు కుండీలో పెంచుకోవడమే మేలు. ఒక మాట. మొక్కకోసము కిన్నెరసాని అభయారణ్యంలోకో మరే రిజర్వు అడవిలోకో వెళ్ళి తవ్వకండి, అది నేరము. గోడలు మనకు ఇచ్చేవే చాలును.

గోడనుండి తీసేటప్పుడు ముందు రోజు సాయంత్రమే ఆ చోటు బాగా తడపాలి. తెల్లవారి సన్నని ఇనుప చువ్వతో సున్నము గీకుతూ వేరును సాధ్యమైనంత పొడవుగా బయటికి రాబట్టాలి. లాగితే తెగుతుంది. తెగి లోపల ఉండిపోయిన ముక్క మళ్ళీ చిగురిస్తుంది. దానిని కూడా తవ్వి తీసి, ఆ బొరియను సున్నముతోనో సిమెంటుతోనో అప్పుడే పూడ్చవలెను. మొక్క దక్కించుకున్న సంతోషంలో గోడను మరచిపోతే సంఘ పెద్దలకు మనము చేసిన ఉపకారమేమీ ఉండదు. పైమొక్క వేరులేకుండా తెగి వచ్చినా పారవేయకండి. పెన్సిలు లావున్న మర్రి, ఫైకస్ కొమ్మ వానకాలంలో ఇసుకలో గుచ్చితే వేరు పడుతుంది. రావి కొంచెం మొండిది.

మొదటి ఏడాది పళ్ళెం జోలికి పోవద్దు. కుమ్మరి దగ్గర దొరికే మామూలు మట్టి కుండీ, అడుగున చిల్లు ఉన్నది, చాలును. నల్లరేగడి పనికిరాదు, నీటిని పట్టి ఉంచి వేరును కుళ్ళబెడుతుంది. శనగ గింజంత ఇటుక ముక్కలు రెండు పాళ్ళు, గోదావరి ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలుపుకోవచ్చు. ఇటుక ముక్కలను జల్లించి దుమ్ము తీసివేయండి, దుమ్ముంటే నీరు దిగదు.

ఇక కత్తెర సంగతి. ఈ కుటుంబపు చెట్లకు మృగశిర కార్తె వానలు మొదలుకొని ఆగస్టు దాకా మంచి కాలము. చెట్టు అప్పుడు ఉరకలు వేస్తూ ఉంటుంది, గాయము త్వరగా పూడుతుంది. కొత్త కొమ్మను ఆరేడు ఆకులు వచ్చేదాకా వదలండి, తరువాత రెండాకులు ఉంచి కత్తిరించండి. ఏ ఆకు పైన కత్తిరించారో ఆ ఆకు మొదటి మొగ్గ ఎటు చూస్తున్నదో అటే కొత్త కొమ్మ పోతుంది. గనుక బయటివైపు చూసే మొగ్గను ఎంచుకోవాలి. కొమ్మ తిప్పే పని సగం ఇక్కడే అయిపోతుంది, తీగతో పని తక్కువ. తెగిన చోట పాలు కారతాయి. తడిగుడ్డ అద్దితే ఆగుతాయి. కంట్లో పడనీయకండి, చేతులు కడుక్కోండి, పిల్లలకు కత్తెర ఇచ్చేటప్పుడు ఈ మాట తప్పక చెప్పండి.

కొమ్మను వంచాలంటే అల్యూమినియం తీగ చుట్టవచ్చు. వానకాలంలో మాను వేగంగా లావెక్కుతుంది గనుక మూడు వారాలకొకసారి చూసి, తీగ బెరడులోకి దిగకముందే ముక్కలుగా కత్తిరించి తీయాలి. విప్పబోతే కొమ్మ విరుగుతుంది. భయమైతే నూలు దారముతో కొమ్మను కుండీ అంచుకు లాగి కట్టడమే మేలు.

ఏ ఆకారము అని పుస్తకాలు చూసి కంగారుపడనక్కరలేదు. ఆ పుస్తకాలలో దేవదారులు, పైన్ చెట్లే ఎక్కువ. మన మర్రికి నమూనా మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూడండి. సుమారు మూడెకరాల మేర పరుచుకున్న ఆ చెట్టు కొమ్మ ఒకటి 2017 డిసెంబరులో కూలిపోగా, 2018లో చెదలు చంపుటకు సెలైన్ సీసాలు కట్టి బొట్టుబొట్టుగా మందు ఎక్కించారు, లేత ఊడలను గొట్టాలలోనుండి నేలకు దించారు. మనమూ అదే చేయవచ్చు: కుండీ మర్రికి సన్నని ఊడ వస్తే కూల్‌డ్రింకు గొట్టంలో తడిమట్టి నింపి అందులోనుండి దింపితే అది మట్టిని పట్టుకుని మరో మానులా నిలుస్తుంది.

పెద్ద చెట్టు కావలసినదాన్ని ఇట్లా కురచ చేయడం క్రూరత్వము కాదా అని కొందరు అడుగుతారు. అడగవలసిన మాటే. నీరు, ఎరువు మానిపించి చెట్టును గిడసబార్చితే అది క్రూరత్వమే, బోన్సాయ్ కూడా కాదు. సరిగా పెంచిన దానికి అడవి చెట్టుకంటె నీరు క్రమంగా అందుతుంది. రెండేండ్లకొకసారి వేరులో మూడోవంతు మించకుండా కత్తిరించి కొత్త మట్టి వేస్తారు, అందువల్లనే అది ఏండ్ల తరబడి బ్రతుకుతుంది. చేయలేమనుకున్నవారు మొక్కను గోడకు, బావికి, తీగలకు దూరంగా ఊరి బయట చోటు చూసి నాటండి. అదీ మంచి పనే.

అసలు పరీక్ష మన మే నెల. కొత్తగూడెం ఎండల్లో లోతు లేని పళ్ళెం పెనములా కాగుతుంది, వేరు ఉడికిపోతుంది. పది గంటలనుండి నాలుగు దాకా నీడ, ఉదయం సాయంత్రం నీళ్ళు, పళ్ళెం కింద తడి ఇసుక. చోటు మార్చినా, నీరు తప్పినా ఈ చెట్లు ఆకులన్నీ రాలుస్తాయి. ఎక్కువమంది చెట్టును పోగొట్టుకునేది ఇక్కడే: చచ్చిందనుకుని చెత్తలో వేస్తారు, బ్రతకాలని రోజుకు నాలుగుసార్లు నీళ్ళుపోసి కుళ్ళబెట్టేవారు ఇంకొందరు. లూకా 13వ అధ్యాయంలో తోటమాలి కాపులేని అంజూరపు చెట్టుకు ఒక ఏడాది గడువు అడిగి, ఊరకే కూర్చుంటాననలేదు, తవ్వి ఎరువు వేస్తానన్నాడు. మీరు గోటితో కొమ్మ బెరడును కాస్త గీకి చూడండి. లోపల పచ్చగా తడిగా ఉంటే అది బ్రతికే ఉన్నది. పైమట్టి ఆరినప్పుడే నీళ్ళివ్వండి, ఎరువు ఇప్పుడు వద్దు, చిగురు వచ్చాకే. చిట్టచివరి కొమ్మ ఎండితే ఒక్కో అంగుళం కిందికి గీకుతూ వెళ్ళండి, పచ్చదనం తగిలినచోటికి పైన కత్తిరించండి. మొదటి వానలు పడ్డాక కుండీని ఆరుబయట పెట్టి మూడు నాలుగు వారాలు చూడండి. ఆ తరువాత కూడా మొదలు దాకా గోధుమరంగే కనబడితే అప్పుడు తీసివేయవచ్చు.