దశాంశాలకి దండం పెట్టే ముందు...

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఆ ఫార్వర్డు మళ్ళీ తిరుగుతోంది. సూర్యసిద్ధాంతంలో సంవత్సరానికి 365.258756 రోజులట, నాసా లెక్కా అంతేనట, మనవాళ్ళకి అన్నీ ఎప్పుడో తెలుసట! కింద వరసగా దండాలు. పెట్టినవాళ్ళందరూ ఇంజనీర్లే, హతవిధీ!

అయ్యా, ఆ ఆరు దశాంశాలు ఎక్కణ్ణుంచొచ్చాయో చూశారా? మహాయుగానికి 43,20,000 సంవత్సరాలు, 157,79,17,828 రోజులు. రోజుల్ని సంవత్సరాలతో భాగించండి, అంతే. అరవై దశాంశాలు కావాలన్నా వస్తాయి. అందులో ఎన్ని నిజం అన్నదే అసలు ప్రశ్న. ఇప్పటి కొలత 365.256363. తేడా మూడో దశాంశంలోనే మొదలైంది, ఏడాదికి దాదాపు మూడున్నర నిమిషాలు. కుజుడికైతే మహాయుగానికి 22,96,832 చుట్లు, అంటే చుట్టుకి 686.9975 రోజులు. ఇప్పటి లెక్క 686.980. చుట్టుకి 25 నిమిషాలు ఎక్కువ.

అలాగని పకపకా నవ్వే బ్యాచ్‌తోనూ నాకు పేచీయే. దుర్భిణి లేకుండా దాదాపు నలభై వేలలో ఒక వంతు తప్పుతో పట్టుకోవడం మాటలా? ఎలా పట్టుకుంటారంటే... జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్ళి తిరిగొచ్చే బస్సుందనుకోండి. మీ గడియారం చూడ్డంలో 5 నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. ఒక్క ట్రిప్పు కొలిస్తే ఆ తప్పంతా దాని నెత్తినే. వంద ట్రిప్పులకి మొదలూ చివరా చూసి వందతో భాగిస్తే తప్పు ట్రిప్పుకి 3 సెకన్లే. తరాల తరబడి చుట్లు లెక్కపెట్టడంలో ఉన్న బలం అదీ.

ఇప్పుడు తరాలు ఆగక్కర్లేదు. 1976లో వైకింగ్ ల్యాండర్లు కుజుడి మీద దిగాక, సిగ్నల్ పంపి తిరిగొచ్చే టైముతో దూరాన్ని కొన్ని మీటర్ల తేడాలో కొలిచారు. తర్వాతి ఆర్బిటర్లతో మీటరు దాకా వచ్చింది. కుజుడు మనకి సగటున 22 కోట్ల కిలోమీటర్ల పైన. పేటకీ నందిగామకీ మధ్య ముప్ఫై కిలోమీటర్లనుకుంటే, ఆ దూరాన్ని వెంట్రుక మందంలో ఐదొందల వంతు తేడాతో చెప్పడం లాంటిది! (ఇక్కడా కొమ్ములు మొలిపించుకోనక్కర్లేదు. గ్రహశకలాలు కుజుణ్ణి లాగుతూనే ఉంటాయి, వాటి బరువులు సరిగ్గా తెలియక ముందుకి వేసిన లెక్క జారిపోతుంటుంది. అందుకే కొలత ఆపరు.)

పాతవాళ్ళూ ఆపలేదు. లెక్క ఆకాశంతో కలవకపోతే బీజ సంస్కారం అని సవరణ వేశారు. మన భాషలో ప్యాచ్. ఆ ప్యాచ్ సంస్కృతిని వదిలేసి, పాత వెర్షనే పవిత్రమనేవాళ్ళని సంప్రదాయవాదులని ఎలా అంటాం?

ఇది ఉత్తి వాదన కాదు. పాత లెక్కకీ దృక్ లెక్కకీ తిథుల్లో గంటల తేడా వస్తుంది. నందిగామలో అక్కయ్యవాళ్ళు ఒకరోజు, పేటలో మేము మర్నాడు చేసుకున్న పండగలున్నాయి. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో వేసిన సంస్కరణ సంఘం 1955లోనే ఆధునిక ఖగోళ లెక్కలు వాడమని రిపోర్టిచ్చింది. ఈసారి ఉగాదికి కొట్లో పంచాంగం కొనేటప్పుడు రాశిఫలాల పేజీ తర్వాత తిప్పుదురుగానీ, ముందు గణితం ఏ పద్ధతో అడగండి.