కూరగాయల విందు – మన దస్తర్‌ఖాన్

మా మదరసాలో ఖుర్ఆన్ చదువు ముగించుకొని, పిమ్మట ఇంజనీరింగు పూర్తి చేసి, ఇప్పుడు ప్యారిస్ నగరంలో ఉద్యోగం చేస్తున్న ఒక శిష్యుడు కొంతకాలం క్రితం మాకు ఫోను చేశాడు. సలాములు, కుశల ప్రశ్నలు అయిన తరువాత తన సందేహం చెప్పాడు. "ఉస్తాద్‌జీ! మా కార్యాలయం వారు ఒక గొప్ప భోజనశాలలో విందు ఏర్పాటు చేశారు. అక్కడ మాంసం ఊసే లేదు, అన్నీ కూరగాయలే. జబీహా గురించిన చింత లేదు గనుక నిశ్చింతగా వెళ్లవచ్చునా?"

సందేహం చిన్నదిగా కనిపించినా, దానిలో నేర్చుకోదగిన విషయాలు చాలా ఉన్నాయి. కనుక ఈ నెల దానినే పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఫ్రాన్సు దేశంలో ఖరీదైన విందు అంటే మాంసం, చేపలు, వెన్న, జున్ను అని లోకానికి తెలుసు. ఆ ఆనవాయితీని మార్చిన వారిలో అలాన్ పస్సార్ అనే వంటవాడు ప్రసిద్ధుడు. ఆయన 1986లో ప్యారిస్‌లోని వారెన్ వీధిలో 'ఆర్పేజ్' అనే భోజనశాలను ప్రారంభించాడు. 1996లో దానికి మిషెలిన్ సంస్థ ఇచ్చే అత్యున్నత గుర్తింపు, మూడు నక్షత్రాలు లభించాయి. మాంసం కాల్చడంలో నేర్పరి అని పేరు పడినవాడే, 2001లో ఎర్రమాంసాన్ని తన వంటల జాబితా నుండి తొలగించి కూరగాయలకు పెద్దపీట వేశాడు. 2025 జూలైలో చేపలు, గుడ్లు, పాలపదార్థాలు సైతం మానివేసి, జంతు సంబంధమైన వాటిలో తేనెను మాత్రమే ఉంచుకున్నాడు. ప్యారిస్‌కు దూరంగా పల్లెల్లో ఆయనకు సొంత తోటలున్నాయి. పురుగుమందులు వాడరు, గుర్రంతో దున్నుతారు. ఉదయం కోసిన కూరలు రైలులో నగరానికి చేరుతాయి. ఒక బీట్‌రూట్ దుంపను ముతక ఉప్పు కుప్పలో కప్పిపెట్టి, పొయ్యిలో నిదానంగా మగ్గబెట్టి వడ్డించడం ఆయన పేరుపొందిన వంటలలో ఒకటి. ఇటువంటి చోట ఒక్కరి భోజనానికి వందల యూరోలు చెల్లించవలసి ఉంటుంది.

మా శిష్యునికి మేము ఇచ్చిన సమాధానం ఇది: "బేటా! మాంసం లేనంత మాత్రాన ప్రతి వంటకమూ హలాల్ అయిపోదు. ద్రాక్షసారా కూడా మొక్క నుండి వచ్చినదే గదా!" ఫ్రెంచి వంటలో సారాను పులుసులలో, రసాలలో పోసి మరిగించడం సర్వసాధారణం. మరిగితే మత్తు ఆవిరైపోతుంది గదా అని కొందరు వాదిస్తారు. కాని సారాయి అపవిత్రమని, దానిని కలిపి వండిన ఆహారం ధర్మసమ్మతం కాదని మన ఫిఖహా పండితులు స్పష్టం చేశారు. సిర్కా సంగతి వేరు. అది సారాయి గుణాన్ని పూర్తిగా కోల్పోయినది. దైవప్రవక్త (సఅసం) సిర్కాను మంచి వ్యంజనమని మెచ్చుకున్నారు. కనుక ఏ వంటకంలో ఏమి పోశారో ముందుగా అడిగి తెలుసుకోవాలి. అడగడానికి సిగ్గుపడరాదు. ఇక రెండవ సంగతి, సారాయి పాత్రలు చేతులు మారే భోజనపు బల్ల వద్ద కూర్చోరాదని హదీసులో వారింపు ఉన్నది. మన గ్లాసులో నీళ్లే ఉన్నా సరే.

ఇది విని ఆ అబ్బాయి కొంతసేపు మౌనంగా ఉన్నాడు. ఉద్యోగంలో చేరి ఏడాది అయినా నిండలేదు. పై అధికారి ఇచ్చే విందు. కాదంటే ఏమనుకుంటారో అన్న భయం అతని గొంతులో మాకు వినిపించింది. మరునాడు ధైర్యం తెచ్చుకొని తన అధికారితో ఉన్నదున్నట్లు చెప్పాడట. ఆమె ఆలోచించి, "ఆ పూట మా బల్ల మీద సారాయి ఉండదు, నీవు రా" అన్నదట. తోటివారిలో ఒకరిద్దరు గొణిగినా విందు జరిగింది. భోజనశాల వారు కూడా సారాయి కలవని వంటకాలేవో ముందే చెప్పి వాటినే వడ్డించారు.

ఆ రాత్రి అతడు మళ్లీ ఫోను చేశాడు. "ఉస్తాద్‌జీ! పెద్ద తెల్లని పళ్లెంలో ఒకే ఒక్క ఉల్లిగడ్డ పెట్టి, ఏ తోటలో పండిందో, ఎట్లా వండారో వివరించి మరీ తెచ్చి ఇచ్చారు. అందరూ మాటలు మాని తిన్నారు. నాకు మాత్రం అమ్మీ జ్ఞాపకం వచ్చింది" అన్నాడు. అతని తండ్రి చిన్నతనంలోనే పోయారు. తల్లి కుట్టుపని చేసి ఇల్లు నడిపింది. పెరట్లో పాకిన సొరకాయ, పప్పు, గోంగూర, ఇవే వారి వంటలు. "మళ్లీ ఇదేనా?" అని కంచం పక్కకు నెట్టి లేచిపోయిన రోజులు ఎన్నో ఉన్నాయట. అప్పుడు అమ్మీ ఏమీ అనేది కాదట. ఆ కంచంలో మిగిలినది తానే తినేదట. "ఈ రాత్రి అమ్మీకి ఫోను చేసి క్షమాపణ అడిగాను" అన్నాడు. మేము బదులు చెప్పలేకపోయాము.

పాఠకులారా! దైవప్రవక్త (సఅసం) ఏనాడూ ఆహారానికి వంక పెట్టలేదు. ఇష్టమైతే తినేవారు, లేకుంటే ఊరక ఉండేవారు. ఒకసారి ఒక దర్జీ ఆయనను భోజనానికి పిలిచాడు. బార్లీ రొట్టె, సొరకాయ, ఎండు మాంసం వేసిన పులుసు వడ్డించాడు. మన దాల్చా వంటిదే అనుకోండి. ప్రవక్త (సఅసం) పళ్లెం అంచుల వెంట సొరకాయ ముక్కల కోసమే వెదకడం హజ్రత్ అనస్ (రజి) చూశారు. ఆనాటి నుండి సొరకాయ తమకూ ప్రీతిపాత్రమైనదని ఆయన చెప్పుకున్నారు. పిలిచినవాడు దర్జీ, పెట్టినది సొరకాయ. ఆ విందుకు దక్కిన గౌరవం ఏ నక్షత్రాలకు దక్కుతుంది?

బనీ ఇస్రాయీలు మన్న్, సల్వాలకు బదులు ఆకుకూరలు, దోసకాయలు, పప్పు, ఉల్లి కోరినందుకు మందలింపు పొందారు గదా అని కొందరు అడుగవచ్చు. బఖరా సూరాలోని ఆ మందలింపు కూరగాయల మీద కాదు, వారి అసహనం మీద, కృతఘ్నత మీద. అబస సూరాలో మానవుణ్ణి తన ఆహారం వైపు చూడమని ఆదేశించి, ధాన్యం, ద్రాక్ష, కూరలు, ఆలివ్, ఖర్జూరాలను అల్లాహ్ తన అనుగ్రహాలుగా లెక్కించాడు. అట్లని మాంసాన్ని ఎవరూ నిషిద్ధంగా భావించరాదు. అల్లాహ్ ధర్మసమ్మతం చేసిన దానిని నిషేధించుకొనే హక్కు మనకు లేదు. అలాగే, తినండి, త్రాగండి, మితిమీరకండి అన్న ఆరాఫ్ సూరా ఆదేశం వందల యూరోల పళ్లేనికీ వర్తిస్తుంది, మన వలీమాలలో చెత్తకుప్ప పాలయ్యే బిరియానీకీ వర్తిస్తుంది.

మన ఇళ్లలో దావత్ అంటే మాంసం ఉండి తీరవలసిందే అన్న పట్టుదల ఎక్కువ. ఒక విద్యార్థి తండ్రి మమ్ములను భోజనానికి పిలిచి, మాంసం కోసం అప్పు చేశాడని ఆ తరువాత మాకు తెలిసింది. ఆయన గుడిసె కప్పు మీద రెండు లేత సొరకాయలు వేలాడుతుండడం మేము వచ్చేటప్పుడే చూశాము. అవి వండి పెట్టడానికి ఆయన సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గును ఆయనకు నేర్పింది మనమే. కూర మాత్రమే పెట్టిన ఇంటి గురించి బయటికి వచ్చి మనం ఆడుకొనే మాటలే.

ఈ నెలలో ఒక్క పని చేద్దాము. మనకన్నా లేనివారు పిలిస్తే వెళ్దాము, వారి పెరటి కూర చాలునని ముందే చెబుదాము. ఇంట్లో పిల్లలు కంచం నెట్టినప్పుడు ఆ దర్జీ విందు కథ చెబుదాము. అల్లాహ్ మనకు ప్రసాదించిన ప్రతి ముద్దకూ కృతజ్ఞులమయ్యే సద్బుద్ధిని అనుగ్రహించుగాక! ఆమీన్.