మాటకు తోడు

'ఫైన్' అను ఆంగ్ల విశేషణమునకు 'మంచి' యని యొక్క యర్థమునే వల్లించిన చిప్పగిరి బాలుడు, 1938లో మాచాని సోమప్ప నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరునకు పోయినచో చిక్కుపడును. నేతపనిలో ఫైన్ నూలనగా సన్ననూలు. దానిని 'మంచినూలు' అని చెప్పినచో ముతకనూలైనను తెచ్చి యిత్తురు; అదియు మంచిదే కదా! సన్నచీర మాత్రము చెడును. ఆ మాటయే పిండియెడ మెత్తన, బంగారమున మేలిమి, ఆకాశమున నిర్మలము, భేదమున సూక్ష్మము.

ఇందుకు ఆంగ్లమును నిందింపరాదు. తెలుగునను మంచినీరు త్రాగునీరు, మంచినూనె నువ్వులనూనె, మంచిముత్యము నకిలీ కానిది. విశేషణపు టర్థమును నిర్ణయించునది దాని తోడి నామవాచకమే. కావున విద్యార్థులు నిఘంటువులోని మొదటి యర్థముతో తృప్తిపడక ప్రయోగమును పరిశీలింపవలెను. మాటను దాని తోడుతో నేర్చుటయే మేలు.